టర్బో మార్చే ముందు ప్లగ్గు విప్పి చూడాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మీ పత్రిక వాహనాల శీర్షికలో ఇటీవల ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు గురించి ఈ లేఖ. ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే టర్బో ఉన్న, మార్పులు చేయించిన తన పెట్రోల్ కారు మామూలుగా బాగానే నడుస్తోందని, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) నిండుగా అందుకున్న క్షణంలో మాత్రం ఇంజిన్ తడబడి, కుదుపులతో సాగుతోందని ఆయన రాశారు. టర్బో అరిగిపోయి ఉంటుంది, మార్పించుకోండి అని జవాబిచ్చారు. టర్బో షాఫ్టు వదులైనా, సీళ్లు పోయినా సాధారణంగా నీలి పొగ వస్తుంది, చప్పుడు మారుతుంది, బూస్ట్ ఆలస్యంగానో తక్కువగానో అందుతుంది. బూస్ట్ నిండుగా వచ్చాకే తడబాటు మొదలవుతోందంటే, టర్బో తన పని తాను చేస్తున్నట్టే లెక్క.

అనుమానం మొదట పోవలసింది స్పార్క్ మీదికి. ప్లగ్గు కొసల మధ్య ఉన్న గ్యాప్‌ను నిప్పురవ్వ దాటడానికి ఎంత వోల్టేజి కావాలన్నది ఆ గ్యాప్‌ను బట్టే కాక, ఆ సమయానికి సిలిండర్‌లో కుదించుకుపోయి ఉన్న గాలి సాంద్రతను బట్టి కూడా పెరుగుతుంది. ప్లగ్గుకు ఆ వోల్టేజి అందించే కాయిల్ కంపెనీ పెట్టిన బూస్ట్‌కు చక్కగా సరిపోయినా, బూస్ట్ పెంచిన తరువాత అదే గ్యాప్‌ను దాటించలేక చేతులెత్తేయవచ్చు. ఐడిల్‌లోనూ, సగం యాక్సిలరేటర్‌లోనూ అంత ఒత్తిడి ఉండదు కాబట్టి అక్కడ ఏ లోపమూ బయటపడదు. కారు గ్యారేజీకి వెళ్లగానే బుద్ధిగా నడుస్తుందని యజమానులు వాపోవడానికి కారణం ఇదే.

నా కారులో బూస్ట్‌ను 0.6 బార్ నుంచి 1 బార్‌కు పెంచిన తరువాత సరిగ్గా ఇదే జరిగింది. నాలుగో గేరులో 4,000 ఆర్‌పీఎం దాటితే చాలు, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఉండేది. నాకూ టర్బో మార్చమనే సలహా వచ్చింది. ప్లగ్గులు విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు ఉంది. దానిని 0.7కు తగ్గించగానే ముప్పాతిక వంతు జబ్బు పోయింది. బూస్ట్ పెంచినప్పుడు ఇంకా చల్లని రకం ప్లగ్గు, అంటే తన వేడిని త్వరగా వదిలించుకునేది, కూడా కావలసి రావచ్చు. అయితే ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో ఈ రకాన్ని తెలిపే అంకె పెరిగితే చల్లనిది, బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడిది అని గుర్తుంచుకోకపోతే వైద్యం వికటిస్తుంది. ప్లగ్గులతో పాటు కాయిల్ రబ్బరు తొడుగు లోపలి భాగాన్నీ, ప్లగ్గు పింగాణీనీ చూడాలి. పింగాణీ మీద నల్లటి సన్నని గీత కనిపిస్తే కరెంటు అటుగా బాడీకి పారిపోతోందని అర్థం.

మిగిలిన పావు వంతుకు కారణం వెతకడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు హోస్ కింది వైపున, క్లాంపు పక్కనే, గోరంత పొడవున చీలిక ఉంది. పైనుంచి చూస్తే కనబడదు. ఆ చోట నూనె జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లగా మెరవడం వల్ల పట్టుబడింది. మామూలు వేళల్లో మూసుకుని ఉండే ఆ చీలిక బూస్ట్ రాగానే నోరు తెరుస్తుంది. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న కార్లలో, చీలిక గుండా బయటకు పోయే గాలి అప్పటికే లెక్కలోకి వెళ్లిపోయి ఉంటుంది కనుక, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) లేని గాలికి కూడా పెట్రోలు పోస్తుంది. మిశ్రమం చిక్కబడి, నల్ల పొగతో ఇంజిన్ ముక్కుతుంది. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ఒత్తిడిని బట్టి లెక్క కట్టే కార్లలోనైతే మిశ్రమం చెడదు, బూస్ట్ నెమ్మదిస్తుంది. పైపులోకి కారు నడిచే బూస్ట్‌కు మించకుండా గాలి పట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే లీకేజీ బుడగలై కనిపిస్తుంది.

ఈ రెండూ బాగున్నా తడబాటు పోకపోతే ఇంధనాన్ని అనుమానించాలి. మానిఫోల్డ్ ఒత్తిడిని అనుసరించే రెగ్యులేటర్ ఉన్న ఇంజిన్‌లో, మొదట 3 బార్ ఉన్న ఇంధన ఒత్తిడి 1 బార్ బూస్ట్ దగ్గర 4 బార్ కావాలి. అలా పెరగకుండా పడిపోతుంటే పంపుకు శక్తి చాలడం లేదు, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. దీనిని మిగతా లోపాల కన్నా తీవ్రంగా చూడాలి. స్పార్క్ ఆరిపోతే కుదుపు వస్తుంది. నిండు బూస్ట్‌లో పెట్రోలు చాలకపోతే పిస్టన్ కరిగిపోవచ్చు. కాబట్టి వైడ్‌బ్యాండ్ మీటర్ లేకుండా, మళ్లీ మళ్లీ తొక్కి చూస్తే తెలుస్తుందిలే అనుకోవడం ప్రమాదకరం. ఆ మీటర్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి నిండు బూస్ట్‌లో సాధారణంగా 12 దరిదాపుల్లో, అంటే ఒక వంతు పెట్రోలుకు 12 వంతుల గాలి, ఉండాలి. 14 వైపు వెళుతుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, కాలు వెంటనే తీసేయాలి.

తడబాటు గోడకు గుద్దినట్టు ఒక్కసారిగా వస్తే అది లోపమే కాకపోవచ్చు, బూస్ట్ హద్దు దాటిందని ఈసీయూ కావాలని ఇంధనం ఆపడం కావచ్చు. బూస్ట్‌ను ఈసీయూకు తెలిపే 2.5 బార్ ఒత్తిడి సెన్సర్ వాతావరణ పీడనాన్ని కూడా కలిపే కొలుస్తుంది, కాబట్టి అది చదవగల బూస్ట్ దాదాపు 1.5 బార్ మాత్రమే. అంతకు మించి బూస్ట్ పెంచి సెన్సర్‌ను పాతదే ఉంచితే, ఈసీయూకు కళ్లకు గంతలు కట్టినట్టే. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండడం) వచ్చి, ఈసీయూ టైమింగ్‌ను, అంటే నిప్పురవ్వ వచ్చే సమయాన్ని, వెనక్కి జరిపినా పికప్ పడిపోతుంది, కానీ కారణం అదేనని ఈసీయూ లాగ్ (నమోదు) చూస్తే తప్ప కాలికి తెలియదు.

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలకు జవాబిచ్చే ముందు తడబాటు ఏ ఆర్‌పీఎంలో, ఎంత బూస్ట్ దగ్గర వస్తోందో, ప్లగ్గు గ్యాప్ ఎంత ఉందో పాఠకులను అడిగి తెలుసుకోవలసిందిగా కోరుతున్నాను. ఆ పాఠకుడు ఇంకా టర్బో కొనకపోయి ఉంటే, ఈ లేఖ ఆయన కంట పడేలా త్వరగా ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు