వార్షిక నివేదిక: తయారీ రంగ టెక్నీషియన్ల శిక్షణ, నైపుణ్య ప్రమాణాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దాదాపు ఒకే మాట చుట్టూ తిరిగింది. మన పాత నైపుణ్య పట్టికలో ప్రతి వరుసా ‘తెలిసి ఉండాలి’ అని ముగిసేది. మైక్రోమీటర్ (సన్నని కొలతలు తీసే సాధనం) వాడకం తెలిసి ఉండాలి, డ్రాయింగ్ చదవడం తెలిసి ఉండాలి. తెలుసో లేదో ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి అన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. శిక్షణ ఉపసంఘం ఆ వరుసలను తిరగరాసింది. ఇప్పుడు ప్రతి వరుసలోనూ పరీక్షకుడి కళ్లెదుట చేసి చూపాల్సిన పని ఒకటి ఉంది.

కొలతల విభాగాన్నే చూడండి. 25 మి.మీ. బోరుకు, అంటే రంధ్రానికి, డ్రాయింగులో పెద్ద హెచ్7 (రంధ్రం సైజులో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు) అని ఉంటే సైజు 25.000కీ 25.021కీ మధ్య ఉండాలి. వెర్నియర్ చూపగలిగే అతి చిన్న కొలతే (లీస్ట్ కౌంట్) 0.02 మి.మీ. మొత్తం టాలరెన్స్ (అనుమతించిన తేడా) దాని ఒక్క గీతతో సరి! ఆ డ్రాయింగ్ చూడగానే అభ్యర్థి వెర్నియర్ పక్కన పెట్టి రంధ్రాన్ని ఇంకా సన్నగా కొలిచే బోర్ గేజ్ గానీ, దూర్చి చూసి సైజు హద్దుల్లో ఉందో లేదో తేల్చే ప్లగ్ గేజ్ గానీ అడగాలి. అలా అడిగినందుకే కొత్త పట్టికలో మార్కులున్నాయి. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ వేడి గురించి జరిగింది. కొలతలకు అంతర్జాతీయంగా నిర్ణయించిన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. ఉక్కు డిగ్రీకి, మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది. 100 మి.మీ. వ్యాసం ఉన్న షాఫ్ట్ (గుండ్రని ఇరుసు) మెషీన్ మీంచి దిగేసరికి 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, 17 మైక్రాన్ల దాకా లావుగా కనిపిస్తుంది. ఆ సైజుకు, షాఫ్టులకు వాడే చిన్న హెచ్6 టాలరెన్స్ మొత్తం 22 మైక్రాన్లే. నేను పనిలో చేరిన కొత్తలో వేడి జాబ్‌ను (తయారుచేసిన భాగాన్ని) కొలిచి, సైజు ఎక్కువ వచ్చిందని, మెషీన్‌లో పనిముట్టు స్థానాన్ని సరిచేసే ఆఫ్‌సెట్ తగ్గించాను. చల్లారాక చూస్తే ఆ తర్వాత తీసినవన్నీ సైజు తక్కువ. మైక్రోమీటర్ బాగానే ఉంది, పట్టిన తీరూ సరిగానే ఉంది. కాసేపు ఆగి కొలవాలని మాత్రం నాకెవరూ చెప్పలేదు. అందుకే కాసేపు ఆగి కొలవాలన్న వరుస పట్టికలోకి రావాలని పట్టుబట్టాను, వచ్చింది.

భద్రత విషయంలో మార్కుల పద్ధతే తీసేశాం. మరమ్మతుకు ముందు విద్యుత్ సరఫరా ఆపి తాళం వేయకపోతే పరీక్ష అక్కడికక్కడే ఆగిపోతుంది. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

శిక్షకుల కోసం రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కర్మాగారాల్లో వాడిన నాలుగు అంచెల పద్ధతినే తీసుకున్నాం: నేర్చుకునేవారిని సిద్ధం చేయడం, చేసి చూపడం, వారితో చేయించడం, తర్వాత గమనిస్తూ ఉండడం. ప్రతి మెట్టు దగ్గరా ‘ఎందుకు’ అన్నది కూడా చెప్పాలి. చాలామంది శిక్షకులు తొందరలో వదిలేసేది సరిగ్గా ఆ ‘ఎందుకు’నే.

టెక్నీషియన్ చదువులకు దేశాల మధ్య గుర్తింపు కోసం 2002లో కుదిరిన డబ్లిన్ ఒప్పందం ఉండగా మన పట్టిక దేనికని కొందరు అడిగారు. ఆ ఒప్పందం చూసేది చదువును. షాప్‌ఫ్లోర్‌లో చేతి పనిని అది పరీక్షించదు. ఐఎస్‌ఓ 9001 (నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) సిబ్బంది సామర్థ్యానికి ఆధారాలు భద్రపరచమంటుంది గానీ ఏ పనికి ఏ నైపుణ్యం కావాలో చెప్పదు. ఆ ఖాళీలోనే మన పట్టిక అవసరం.

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రాల) విభాగం పూర్తికాలేదు. సిమ్యులేటర్ మీద టూల్ ఆఫ్‌సెట్ సరిచేస్తే చాలా, మెషీన్ మీదే చేయాలా అన్న దగ్గర ఉపసంఘం రెండుగా చీలింది. నేను మెషీన్ పక్షం.

ఇంకో లోటు పరీక్షకుల వైపు ఉంది. ఒకే జాబ్‌ను ఇద్దరు పరీక్షకులు కొలిస్తే ఒకే తీర్పు వస్తోందా? గేజ్‌లను పరీక్షిస్తాం గానీ మనల్ని మనం పరీక్షించుకోలేదు. వచ్చే ఏడాది మొదటి పని అదే. అందుకు తిరస్కరించిన జాబులు కావాలి. మీ దగ్గర స్క్రాప్‌లో పడినవి ఉంటే, యజమాని అనుమతితో, డ్రాయింగ్‌తో సహా పంపండి. ఎందుకు తిరస్కరించారో మాత్రం చీటీ మీద రాయకండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

— కార్యదర్శి