జీతం లేకపోయినా ఎందుకు వెళ్తున్నానంటే

గ్రాండ్ ర్యాపిడ్స్, మిషిగన్

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమంగా ఉన్నాం. కందుకూరులో ఎండలు ముదిరాయని అమ్మ చెప్పింది. మధ్యాహ్నం పూట బంగారం పనికి కుంపటి ముందు కూర్చోకండి నాన్నా, ఆ పని సాయంత్రానికి పెట్టుకోండి.

మొన్న ఫోనులో మీరు అడిగిన మాట నా మనసులోనే ఉంది. "బీఎస్సీ చదివినదానివి, జీతం బత్తెం లేకుండా పళ్ళ డాక్టరు గదిలో ఒక మూల నిలబడి చూడటం ఏమిటమ్మా?" అన్నారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మన దగ్గర ఇంటర్ అయ్యాక నీట్ రాసి, ర్యాంకును బట్టి బీడీఎస్‌లో చేరతారు. ఇక్కడ సాధారణంగా ముందు డిగ్రీ ఉండాలి, ఆ తర్వాత దంతవైద్యం నాలుగేళ్ళు. డాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. నా డిగ్రీ నెల్లూరుది కాబట్టి కొన్ని సైన్సు కోర్సులు ఇక్కడ మళ్ళీ చదవాలి, అవి చదువుతున్నాను. మార్కులతో పాటు కాలేజీల వాళ్ళు ఇంకొకటి అడుగుతారు: ఈ పని దగ్గరుండి చూశావా, ఎంతసేపు చూశావు, ఎవరి దగ్గర చూశావు అని. కాలేజీని బట్టి లెక్క మారుతుంది కానీ 100 గంటలైనా ఉండాలని చాలామంది చెబుతారు. నా వీసా మీద జీతం తీసుకోవడానికి అనుమతి లేదు. నేను పని చేయడం లేదు, చూసి నేర్చుకుంటున్నాను. ఏ రోజు ఎన్ని గంటలు ఉన్నానో, ఏ చికిత్స చూశానో నోటుపుస్తకంలో రాసుకుంటే డాక్టరుగారు సంతకం పెడతారు. రేపు దరఖాస్తుకు సిఫారసు ఉత్తరం కూడా ఆవిడే రాయాలి.

అయితే కాలేజీ అడుగుతుందని మాత్రమే వెళ్తున్నానని అనుకోకండి. ఇది నాకు తగిన పనేనా అని నాకే తెలియాలి కదా. ఇక్కడ దంతవైద్యం చదవాలంటే బోలెడంత అప్పు చేయాలి. ఆ అప్పు నెత్తిన వేసుకున్నాక, రోజంతా మెడ వంచి ఒకరి నోట్లోకి చూస్తూ ఉండటం నావల్ల కాదని తెలిస్తే ఎంత నష్టం!

నాకు అర్థమైన మొదటి సంగతి, పన్ను తీయడమంటే పీకడం కాదని. పట్టకారుతో బలంగా లాగేస్తారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి డాక్టరుగారు ముందు పంటిని ఎముకలోకి నొక్కుతారు. తర్వాత చెంప వైపుకు, నాలుక వైపుకు మెల్లగా కదుపుతూ, చుట్టూ ఉన్న ఎముక కాస్త వెడల్పు అయ్యేదాకా ఓపిక పడతారు. చివర్లో పన్ను దానంతటదే వదులైనట్టు చేతిలోకి వస్తుంది. తొందరపడితే వేరు విరిగి లోపలే ఉండిపోతుంది. పుస్తకంలో ఇదంతా ఒక్క పేరా. ఆ మణికట్టు ఎంత నెమ్మదిగా కదులుతుందో పక్కన నిలబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

పళ్ళను అంకెలతో పిలవడం కూడా ఇక్కడే అలవాటైంది. అమెరికాలో 1 నుంచి 32 వరకు వరసగా లెక్కపెడతారు. కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద నమిలే పన్ను వీళ్ళకు 19. మన దేశంలో లెక్కపెట్టే పద్ధతి వేరు, అక్కడి డాక్టర్లకు అదే 36. తమ్ముడు ఈ చదువులోకి వస్తే మా ఇద్దరి లెక్కలూ కలవవు!

నాన్నా, ఒకటి చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. బంగారు క్యాపు వేయాలంటే ముందు పంటి ఆకారాన్ని మైనంతో చేసి, దాని చుట్టూ అచ్చు పోసి, మైనం కరిగించేసి, ఆ ఖాళీలోకి కరిగిన బంగారం పంపుతారు. మీరు ఉంగరాలకు పోత పోసే పద్ధతే! ఇప్పుడు చాలా క్యాపులు కంప్యూటర్ మీద గీసి యంత్రంతో చెక్కుతున్నారు కానీ, పాత పద్ధతి గురించి డాక్టరుగారు చెబుతుంటే నాకు మన కొట్టే కళ్ళముందు కనిపించింది. మీరు పని నేర్చుకున్నప్పుడు ఏళ్ళ తరబడి కొలిమి ఊది, కొట్టు ఊడ్చి, ఆ తర్వాత గానీ మీ గురువుగారు బంగారం మీ చేతికి ఇవ్వలేదని ఎన్నోసార్లు చెప్పారు. నేను చేస్తున్నది అదే.

రోగి నోటిని నేను తాకను. నన్ను గదిలోకి రానిచ్చే ముందు ప్రతి రోగినీ అనుమతి అడుగుతారు. ఎవరికి ఏ జబ్బు ఉందో బయట ఎవరితోనూ అనకూడదు, మా ఆయనతో కూడా. రోగులు లేనప్పుడు పనిముట్లు ఎలా శుభ్రం చేస్తారో చూస్తాను. కడిగి, సంచుల్లో పెట్టి సీలు వేసి, ఆటోక్లేవ్‌లో ఆవిరితో ఉడికిస్తారు. ఆవిరి వేడి తగిలితేనే సంచి మీది గుర్తు రంగు మారుతుంది. మారకపోతే ఆ పనిముట్టు వాడరు.

ఒకరోజు డాక్టరుగారు మా ఊరి వాళ్ళ పళ్ళ గురించి అడిగారు. కనిగిరి వైపు మన పెదనాన్నవాళ్ళ ఊరి సంగతి చెప్పాను. పిల్లల పళ్ళ మీద సున్నం రంగు చారలు, పెద్దవాళ్ళకు గోధుమరంగు మచ్చలు, ముసలివాళ్ళకు వంగిన మోకాళ్ళు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది నెల్లూరు జిల్లా గురించేనని చెప్పాను. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, కనిగిరి నెల్లూరులోనే ఉండేది. ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. ఎందుకంటే, పళ్ళు పుచ్చిపోకుండా తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం ప్రపంచంలో మొదలైంది ఈ గ్రాండ్ ర్యాపిడ్స్‌లోనే, 1945లో. ఇప్పుడు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉండేలా చూస్తారు. ఇక్కడ కొలిచి కలుపుతున్నదే మన బోర్లలో హద్దు దాటి ఉంది. పాలపళ్ళ వయసులో లోపల తయారవుతున్న పంటికే ఆ మచ్చ పడుతుంది. పెద్దయ్యాక ఎంత తోమినా పోదు. మన ఊళ్ళలో అమ్మాయిలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చిన్నప్పటి నుంచి చూశాను. ఈ చదువు నాకు ఎందుకు కావాలని కాలేజీ వాళ్ళు అడిగితే ఇదే రాస్తాను.

ఇప్పుడు తమ్ముడి విషయం. ఎంబీబీఎస్ సీటు రాకపోతే బీడీఎస్‌లో చేర్పిద్దామని మీరు అంటున్నారు. నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆప్షన్లు పెట్టే ముందు వాణ్ణి కొన్నాళ్ళు ఊళ్ళో పళ్ళ డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టండి. మీరే స్వయంగా వెళ్ళి అడగండి, మీ మాట కాదనరు. కుదిరితే నెల్లూరులో దంత కళాశాల ఆసుపత్రికి వెళ్ళి, హౌస్ సర్జన్లతో మాట్లాడి రమ్మనండి. రక్తం, ఉమ్మి చూసి కడుపులో తిప్పుతుందా, ఏడుస్తున్న పిల్లవాడి దగ్గర ఓపిక నిలుస్తుందా, సాయంత్రానికి నడుము నొప్పి పుట్టినా మర్నాడు వెళ్ళాలనిపిస్తుందా అని వాడినే గమనించుకోమనండి. వద్దంటే కోప్పడకండి నాన్నా. ర్యాంకు రాలేదు కాబట్టి ఇటు తోయడం వాడికీ మంచిది కాదు, రేపు వాడి దగ్గరకు వచ్చే రోగికీ మంచిది కాదు.

అమ్మా, నీ దవడ పన్ను నొప్పికి లవంగం పెట్టుకుని రోజులు నెట్టకు. ఎక్స్-రే తీయించుకో. పీకేస్తామంటే, రూట్ కెనాల్‌తో నిలుస్తుందేమో ముందు అడుగు.

పెదనాన్నవాళ్ళ బోరు నీళ్ళు పరీక్ష చేయించిన కాగితం ఉంటే తమ్ముడితో ఫొటో తీయించి పంపండి. లేకపోతే గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ల్యాబులో ఒక సీసా నీళ్ళు ఇచ్చి చేయించమనండి. డాక్టరుగారు చూస్తానన్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి