పాత కేసుల నవలలు నేరాంగీకారంతో ముగియరాదు

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో పోలీసు దర్యాప్తు ఇతివృత్తంగా గల నవలలు ధారావాహికలుగా రావడం సంతోషకరం. ఏళ్ల తరబడి తేలకుండా మూలపడిన హత్య కేసును ఒక అధికారి మళ్లీ తెరవడం వాటిలో తరచుగా కనిపించే కథ. జిల్లా న్యాయస్థానంలో పనిచేసి విరమించిన పాఠకుడిగా అలాంటి నవలలు రాసేవారికీ, వాటిని ఎంపిక చేసే మీకూ నాది ఒక విన్నపం. దయచేసి చివరి అధ్యాయంలో హంతకుడి చేత ఇన్‌స్పెక్టర్ ఎదుట నేరం ఒప్పించి కథ ముగించవద్దు.

పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ శాసించింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కూడా ఆ మాటే చెబుతోంది. నిందితుడు చెప్పిన మాటల వల్ల కత్తో నగో బయటపడితే ఆ మేరకు మాత్రమే అవి చెల్లుతాయి. అంటే కేసు తేలిపోయిందని రచయిత కలం దించిన చోట, నిజమైన దర్యాప్తు అధికారి చేతిలో న్యాయస్థానానికి చూపదగినది ఇంకా ఏమీ లేదన్నమాట.

ఇది కేవలం చట్టపు చాదస్తం కాదు. ఇంగ్లండ్‌లోని లీస్టర్‌షైర్‌లో 1983లో ఒక బాలిక, 1986లో మరో బాలిక హత్యకు గురైనప్పుడు, పదిహేడేళ్ల కుర్రవాడొకడు రెండో హత్య తానే చేశానని పోలీసులకు చెప్పాడు. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ జరిపిన డీఎన్ఏ పరీక్షలో రెండు నేరాలూ ఒక్కడే చేశాడనీ, వాడు ఈ కుర్రవాడు కాడనీ తేలింది. అసలు దోషికి 1988లో యావజ్జీవ శిక్ష పడింది. మొదటి హత్యకు సంబంధించిన నమూనాను మూడేళ్లపాటు ఎవరో చెడిపోకుండా భద్రపరచబట్టే ఆ పోలిక సాధ్యమైంది. పాత కేసు నవలలో అసలు కథానాయకుడు ఆ భద్రపరచినవాడే అని నా అభిప్రాయం.

మన స్టేషన్లలో ఆ పని చేసేవారి గురించి నవలల్లో ఒక్క వాక్యం కూడా కనిపించదు. రక్తపు మరకలున్న బట్టను నీడన ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. తడిగానే ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పట్టి నమూనా చెడిపోతుంది. కవరుపై సీలు, మధ్యవర్తుల (అంటే స్వాధీనానికి సాక్షులుగా నిలిచినవారి) సంతకాలు ఉండాలి. స్టేషన్ నుంచి కోర్టుకూ, కోర్టు నుంచి ఫోరెన్సిక్ ప్రయోగశాలకూ వస్తువు చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో పద్దు పడాలి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ వంటి శాస్త్రవేత్త అభివృద్ధి చేసిన డీఎన్ఏ పరీక్ష సైతం, ఆ పద్దుల్లో ఒక్కటి లేకపోయినా డిఫెన్సు న్యాయవాది ప్రశ్నల ముందు తడబడుతుంది.

మరొక సంగతి. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ పాత దర్యాప్తును చెత్తబుట్టలో పారేసి మొదటి నుంచీ మొదలుపెట్టినట్టు రాస్తారు. పోలీసులకు ఉన్నది తదుపరి దర్యాప్తు జరిపే అధికారమేగాని, పాతదాన్ని తుడిచిపెట్టే అధికారం కాదు. మళ్లీ మొదటి నుంచీ జరిపే పునర్దర్యాప్తుకు ఆదేశించగలవి హైకోర్టు, సుప్రీంకోర్టులేనని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తదుపరి దర్యాప్తు నివేదికను పాత నివేదికతో కలిపే చదవాలి. తన పై అధికారి ఒకప్పుడు చేసిన పొరపాటును అదే ఫైలులో పక్కన పెట్టుకుని పనిచేయవలసిన ఎస్సై అవస్థ కంటే బలమైన కథావస్తువు ఏముంటుంది?

కేసు మూసే అధికారం కూడా పోలీసుది కాదు. కొట్టాయంలో 1992 మార్చిలో ఒక క్రైస్తవ సన్యాసిని కాన్వెంటు బావిలో శవమై తేలినప్పుడు స్థానిక పోలీసులూ, క్రైం బ్రాంచీ ఆత్మహత్యగా తేల్చారు. 1993లో కేసు చేపట్టిన సీబీఐ కేసు మూసివేతకు పలుమార్లు అనుమతి కోరినా న్యాయస్థానం ఒప్పుకోలేదు. 2020 డిసెంబరులో ఇద్దరికి శిక్ష పడింది; 2022లో కేరళ హైకోర్టు అప్పీలు తేలేవరకు ఆ శిక్షను నిలిపివేసింది. ముప్పై ఏళ్లు నడిచిన ఈ కేసులో దోషి ఎవరన్న ప్రశ్న ఒక్కటే కాదు, ప్రతి మలుపులోనూ న్యాయాధికారి ఎందుకు కాదన్నారన్నది కూడా నవలకు తగిన విషయమే.

కేసు మూసివేయవచ్చంటూ పోలీసులు ఇచ్చే తుది నివేదికను న్యాయస్థానం అంగీకరించే ముందు ఫిర్యాదీకి నోటీసు ఇచ్చి చెప్పుకునే అవకాశం కల్పించాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆ నోటీసు అందుకున్న తల్లి ఏం చేసిందన్న దగ్గర మొదలయ్యే తెలుగు నవల కోసం నావంటి పాఠకులు ఎదురుచూస్తున్నారు. ధారావాహికను అచ్చుకు పంపే ముందు ఒక విశ్రాంత దర్యాప్తు అధికారి చేతనో, పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేతనో చదివించే ఏర్పాటు చేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయస్థాన ఉద్యోగి,
రాజమహేంద్రవరం