కాగడా ఆరింది, మళ్ళీ వెలిగింది: తల్లిదండ్రులకు ఒక ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో ముందు పరీక్షల సంగతి రాద్దామనుకున్నాను. కానీ మంగళవారం నుంచి ఏ తరగతి వాట్సాప్ గ్రూపు చూసినా, గేటు దగ్గర ఏ ఇద్దరు నిలబడి మాట్లాడుకున్నా ఒకటే మాట, మన పిల్లల ముందుకి వచ్చేసరికి ఒలింపిక్ క్రీడాజ్యోతి ఆరిపోయిందట కదా అని. అవును, ఆరిపోయింది. నేను అక్కడే, పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆ నోటా ఈ నోటా విన్నది తలా ఒక రకంగా చెప్పుకునే బదులు, జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను.

మూడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లల్ని బీచ్ రోడ్డు పక్కన, లైట్‌హౌస్ మలుపు దాటాక కట్టిన తాడు వెనక నిలబెట్టాం. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. గంటకు పైనే ఎదురుచూశారు. మోటారు సైకిళ్ళు వెళ్ళాయి, వ్యాన్లు వెళ్ళాయి, ఇక రోడ్డంతా ఖాళీ అయిపోయింది. అప్పుడు తెల్లబట్టల్లో ఒకావిడ కాగడా పైకెత్తి పట్టుకుని మలుపు తిరిగింది. మలుపు దాకా భవనాలు గాలిని ఆపుతాయి, అది తిరిగాక సముద్రానికీ రోడ్డుకీ మధ్య అడ్డమన్నదే లేదు. మంట ఒక పక్కకి పూర్తిగా వాలింది, నీలంగా మారింది, అంతే, పోయింది. ఆవిడ ఆగిపోయింది. కాసేపు అంతమంది పిల్లల్లో ఒక్కరి నోట మాట లేదు, అలల చప్పుడు మాత్రం వినిపించింది. వెనకాల వ్యాన్‌లోంచి ఒకాయన చిన్న లాంతరు పట్టుకుని దిగాడు, ఇద్దరూ గాలికి వీపు పెట్టి నిలబడ్డారు, లాంతరులోని మంట నుంచి కాగడాకి నిప్పు అందించాడు. ఒక నిమిషం పట్టిందేమో. కాగడా భగ్గుమనగానే మన పిల్లలు వేసిన కేక లాంటిది నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను వినలేదు.

ఇది అపశకునం అని కొందరు, జేబులోని లైటర్‌తో అంటించారు కాబట్టి అది దొంగ జ్యోతి అని ఇంకొందరు గ్రూపుల్లో రాశారు. పిల్లలు కూడా ఆ మెసేజ్‌లు చదివి మర్నాడు నా దగ్గరికి వచ్చారు. వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఒలింపిక్ జ్యోతిని గ్రీసులోని ఒలింపియాలో, హేరా దేవాలయం శిథిలాల ముందు, పుటాకార దర్పణంతో ఎండని ఒక్కచోటికి చేర్చి వెలిగిస్తారు. ఆ మంట నుంచి తీసిన నిప్పుని లాంతర్లలో భద్రపరిచి కాగడాతో పాటే ఊరూరా తీసుకెళ్తారు. కాగడా గాలికీ వానకీ ఆరుతుందని నిర్వాహకులకి ముందే తెలుసు, అందుకే ఆ లాంతర్లు. 2024 ఏప్రిల్ 16న పారిస్ ఒలింపిక్స్ జ్యోతి వెలిగించాల్సిన వేళకి ఒలింపియాలో మబ్బు పట్టి ఎండే లేకపోయింది. ముందురోజు రిహార్సల్‌లో ఎండతో వెలిగించి దాచిన మంటనే వాడారు, దాన్ని ఎవరూ దొంగ జ్యోతి అనలేదు. 1976లో మాంట్రియల్ స్టేడియంలో వానకి జ్యోతి ఆరిపోతే ఒక ఉద్యోగి గబగబా సిగరెట్ లైటర్‌తో వెలిగించేశాడు. ఆ సంగతి తెలిసి, ఆ మంటని ఆర్పేసి, దాచి ఉంచిన అసలు నిప్పుతో మళ్ళీ వెలిగించారు. మనకి వచ్చిన జ్యోతికి లాంతరు వాడారు, లైటర్ కాదు. నా కళ్ళతో చూశాను. ఒక ఆరో తరగతి బాబు, ఇది గ్రీకుల కాలం నుంచీ ఉన్న ఆచారమేనా అని అడిగాడు. కాదు నాన్నా, ఈ కాలపు ఒలింపిక్స్‌లో 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటిసారి జ్యోతి వెలిగించారు, ఇలా ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ పరిగెత్తడం 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌తో మొదలైంది, అప్పుడు అక్కడ హిట్లర్ పాలన అని దాచకుండానే చెప్పాను. పిల్లలు నిజాన్ని తట్టుకోగలరు.

పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, దయచేసి చూసి సంతకం పెట్టండి. రెండో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు. బస్సు వేళల్లో మార్పు లేదు.

ఇప్పుడు మన పిల్లల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, సైన్సు టీచర్ చెప్పకుండానే, సోమవారం సాయంత్రం కర్రకి రిబ్బను కట్టుకుని బీచ్ రోడ్డు పొడవునా ఆరు చోట్ల నిలబడి, రిబ్బను ఎక్కడ ఎంత లేస్తోందో నోటుపుస్తకంలో రాసుకుంది. ఆరితే లైట్‌హౌస్ మలుపు దగ్గరే ఆరుతుంది మేడం అని మంగళవారం పొద్దున నాకు చెప్పింది. ఆ పేజీ ఇప్పుడు నా గది గోడ మీద ఉంది, వచ్చి చూడండి. ఐదో తరగతి బాబు ఒకడు తాడు పక్కన దొరికిన మంచి చోటుని, కళ్ళజోడు విరిగిపోయి సరిగ్గా కనిపించని మూడో తరగతి పిల్లాడికి ఇచ్చేసి తను వెనక్కి వెళ్ళాడు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు, డ్రిల్ మాస్టారు చూశారు కాబట్టి తెలిసింది. ఇంకో పాప, తరగతిలో ఏడాది మొత్తం కలిపినా పది మాటలు మాట్లాడని పాప, ఆ కాగడా పట్టుకున్నావిడ దిగులుగా నిలబడి ఉంటే "ఏం పర్వాలేదు అక్కా!" అని గట్టిగా అరిచింది. ఆవిడ ఇటు తిరిగి నవ్వింది. ఆ పాప వాళ్ళ అమ్మగారూ నాన్నగారూ ఇది చదువుతుంటే, ఆ కేక వేసింది మీ అమ్మాయే.

మీరంతా పనులు మానుకుని వచ్చినందుకు నిజంగా సంతోషం. అయితే కొన్ని సంగతులు చెప్పక తప్పదు. పిల్లల కోసం కట్టిన తాడు లోపలికి, పిల్లలకి ముందు, పెద్దవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఒకరు కాదు, చాలామంది. ఫోన్లు పైకెత్తి పట్టుకుంటే వెనకున్న చిన్నపిల్లలకి మోచేతులు తప్ప ఏం కనిపిస్తాయి? మేము మర్యాదగా జరగమన్నాం, రెండోసారి కూడా మర్యాదగానే అన్నాం. మీ అబ్బాయిని భుజాల మీద ఎక్కించుకోవాలన్న ముచ్చట నాకూ అర్థమవుతుంది, కానీ వాడి వెనక ఇంకో ఇరవై మంది ఉన్నారు. పిల్లలు ఆ రోజు గురించి రాసిన వ్యాసాలు చదివాను. కొందరు మంట రంగు మారడం గురించి, పొగ వాసన గురించి, ఆవిడ చేయి వణకడం గురించి రాశారు. "మా నాన్న తీసిన వీడియోలో చూశాను" అని మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అక్కడే ఉన్నారండీ, పది అడుగుల దూరంలో.

ఆ రోజు ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. పొద్దున ఏమీ తినలేదట, రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూశారట. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఎండలో నిలబెడతామని, కడుపు నింపి, టోపీ, నీళ్ళ సీసా ఇచ్చి పంపమని మూడు రోజుల ముందే మెసేజ్ పెట్టాం, అందరూ చదివినట్టు రెండు నీలం గీతలు కూడా పడ్డాయి. ఫోన్‌ని రాత్రి తొమ్మిదికి తీసి మీ గదిలో పెట్టుకోమని నేను అడగడం ఇది ఎన్నోసారో మీకు తెలుసు. ఇంకోసారి కూడా అడుగుతాను.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. కాగడా ఆరిపోవడం గురించి పిల్లలకి చెబుతూ ఇంకో కథ చెప్పాను. 2013 అక్టోబరులో సోచి శీతాకాల ఒలింపిక్స్ జ్యోతి మాస్కోలో క్రెమ్లిన్ దగ్గర ఆరిపోయింది, పక్కనున్న భద్రతా సిబ్బందిలో ఒకాయన లైటర్ తీసి వెలిగించాడు. ప్రపంచమంతా ఆ లైటర్ గురించే మాట్లాడుకుంది. ఆ కాగడా పట్టుకున్న మనిషి పేరు షవార్ష్ కరపెత్యాన్. ఆర్మేనియా మనిషి, కాళ్ళకి చేప రెక్కల్లాంటి ఫిన్లు తొడుక్కుని ఈదే పోటీల్లో ప్రపంచ చాంపియన్. 1976 సెప్టెంబరు 16న ఆర్మేనియా రాజధాని యెరవాన్‌లో చెరువు గట్టున తమ్ముడితో కలిసి పరుగు సాధన చేస్తుంటే, జనంతో నిండిన ట్రాలీబస్సు ఒకటి నీళ్ళలో పడిపోయింది. ఆయన దూకాడు. ఏమీ కనిపించని బురదనీళ్ళలో బస్సు వెనక అద్దాన్ని కాళ్ళతో తన్ని పగలగొట్టి, మునిగి, ఒక మనిషిని పట్టుకుని పైకి తెచ్చి తమ్ముడికి అందించి, మళ్ళీ మునిగాడు, మళ్ళీ, మళ్ళీ. ఆయన పైకి తెచ్చినవాళ్ళలో 20 మంది బతికారు. గాజు గాయాలతో, జబ్బుతో ఆయన వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు.

కథ అయ్యాక, మీలో ఈత ఎంతమందికి వచ్చు అని అడిగాను. నిండు అసెంబ్లీలో లేచిన చేతులు రెండు చేతుల వేళ్ళతో లెక్కపెట్టగలిగినన్ని. సముద్రం పక్కన పుట్టి, ఆ హోరు వింటూ నిద్రపోయే పిల్లలు! నీళ్ళ జోలికి వెళ్ళకు అంటూ పెంచుతున్నాం, వాళ్ళు వెళ్తూనే ఉన్నారు, మనకి చెప్పకుండా వెళ్తున్నారు. భయపెడితే రక్షణ అవుతుందని మనం అనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి నాకు మాటలు చాలడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో దాదాపు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు, 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల మరణాలకి ఇది మూడో పెద్ద కారణం. బడి వయసు పిల్లలకి ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు, తమకి ప్రమాదం లేకుండా ఇతరుల్ని కాపాడే పద్ధతి నేర్పమని ఆ సంస్థే చెబుతోంది. వెల్లకిలా తేలడం, కంగారు పడకుండా ఊపిరి పట్టడం, మునిగిపోతున్నవాడి కోసం దూకకుండా తాడో ఖాళీ డబ్బానో విసరడం, ఇవి లెక్కల సూత్రాల కంటే తక్కువ చదువు కాదు. పోయిన ఏడాది ఈత తరగతుల ఫారాలు పంపితే సగం కూడా తిరిగి రాలేదు. వచ్చినవాటిలో చాలావాటి మీద "ట్యూషన్ ఉంది" అని రాసి ఉంది. ఆ ఫారాలు నేను పారేయలేదు, చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

ఈసారి శనివారం పొద్దున, బడి పని దినంలోనే, ఈత కొలనులో, నడుము లోతు నీళ్ళలో, ఇద్దరు శిక్షకులు గట్టున ఉండగా మొదలుపెడుతున్నాం. సముద్రంలోకి ఎవరినీ దింపం. అమ్మాయిలకి వేరే బ్యాచ్, మహిళా శిక్షకురాలు. ఫారం ఈ వార్తాలేఖతోనే పిన్ చేసి ఉంది. శుక్రవారం లోగా పంపండి. భయంగా ఉంటే వచ్చి నాతో మాట్లాడండి, లేదా మొదటి రోజు గట్టున కూర్చుని చూడండి, కుర్చీలు వేయిస్తాను. ఫోన్లు మాత్రం సంచిలో పెట్టుకోండి.

మంగళవారం బీచ్ రోడ్డు దగ్గర దొరికిన వస్తువులు ఆఫీసులో ఉన్నాయి: తొమ్మిది నీళ్ళ సీసాలు, నాలుగు టోపీలు, ఎడమ కాలి బూటు ఒకటి, విరిగిన కళ్ళజోడు. బూటు మీద పేరు లేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు