సమీక్ష చదివేవాళ్ల చేతిలో రెండొందలున్నాయి

విజయనగరం,
ఆదివారం

అమ్మలూ,

ఆ కథల సంపుటం మీద నువ్వు రాసి పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను, పుస్తకం కూడా కొని చూశాను. పత్రికవాళ్లు 400 మాటలు అడిగితే 412 రాశావు. ఆ పన్నెండూ తీసెయ్యడం ఐదు నిమిషాల పని, దానికి ఉత్తరం అక్కర్లేదు. సంగతేమిటంటే, నీ సమీక్ష ఒక్కటే చదివితే ఆ పుస్తకం కొనాలో వద్దో తేలదు. నీకు బాగా నచ్చిందని మాత్రం తెలుస్తుంది.

సమీక్ష తిరగేసేవాళ్ల చేతిలో ఓ రెండొందలుంటాయి, నాలుగు సాయంత్రాలుంటాయి. ఈ పుస్తకానికి పెట్టొచ్చా అని అడుగుతున్నారు, అంతే. నువ్వు మెచ్చుకున్నది చదివి ‘అయ్యో, ఇలాంటివి నాకు పడవు’ అనుకుని ఒకరు మానుకోవాలి. నువ్వు పెదవి విరిచినది చదివి ‘నాకు కావాల్సింది ఇదే’ అని ఇంకొకరు కొనుక్కోవాలి. నీతో ఒప్పుకోనివాడికి కూడా పనికొచ్చేంత సరుకు అందులో ఉండాలి. అది లేనప్పుడు నువ్వు ఎంత నిజం రాసినా సన్మాన పత్రంలాగే ఉంటుంది.

నీ మొదటి పేరా మొత్తం తెలుగు కథ నడిచొచ్చిన దారి గురించి. కొట్టెయ్యి. నాలుగొందల మాటల్లో డెబ్భై దానికే పోయాయి. ఆ చోట పుస్తకమేమిటో చెప్పు: పన్నెండు కథలు, 176 పేజీలు, ఎక్కువ భాగం పలాస చుట్టుపక్కల ఊళ్లలో జరిగేవి, రెండు పట్నానివి. వెల, ప్రతులు దొరికే చోటు పత్రికవాళ్లు కింద వేస్తారు. కథలు కొత్తవో పాతవో మాత్రం నువ్వే చెప్పాలి. మన దగ్గర కొనేవాళ్లకి తగిలే దెబ్బ ఎక్కువగా అక్కడే. కొత్త అట్ట, కొత్త పేరు, లోపల చూస్తే పదిహేనింట్లో ఆరు కథలు ఇంతకుముందు సంపుటంలోవే. ఆ సంపుటం అప్పటికే ఇంట్లో ఉన్నవాడికి మండదా మరి? కథ చివర అచ్చయిన పత్రిక పేరూ నెలా వేశారేమో చూడు. వెయ్యకపోతే పాత సంపుటాల విషయసూచికలు పక్కన పెట్టుకుని పోల్చు. కథకులు కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా మాస్టారు, శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథానిలయం ఉండనే ఉంది. కథలు మొదట అచ్చయిన పత్రికలు, సంపుటాలు పోగుచేసి దాస్తున్న చోటు అది. వాళ్ల వెబ్‌సైట్‌లో రచయిత పేరుతో వెతుక్కోవచ్చు. అరగంట పని. ‘ఇందులో నాలుగు కథలు పాత సంపుటంలోవి’ అన్న ఒక్క వాక్యం ముప్ఫై పొగడ్తలకన్నా ఎక్కువ పనికొస్తుంది.

పాత పుస్తకం మళ్లీ అచ్చయినప్పుడు ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, ఏ పాఠం, అంటే ఏ కూర్పు వేశారని. మన ఊరి కన్యాశుల్కమే తీసుకో. 1897లో అచ్చయినది ఒకటి, గురజాడవారు బాగా పెంచి తిరగరాసి 1909లో తెచ్చినది ఇంకొకటి. అందరూ చదివేదీ ఆడేదీ ఆ రెండోదే. ఎవరైనా మొదటిది అచ్చువేస్తే, ఆ సంగతి చెప్పని సమీక్ష చదివి కొన్నవాడు తనకు తెలిసిన నాటకం ఇందులో లేదేమని తికమకపడతాడు.

ఇక కథల దగ్గరికి. పన్నెండు కథలకీ పన్నెండు వాక్యాలు రాశావు, బళ్లో హాజరు పిలిచినట్టు. ‘ఫలానా కథలో వృద్ధాప్యపు ఒంటరితనం, ఫలానాలో వలసల వేదన.’ ఒక్కటీ గుర్తుండలేదు. మూడే తీసుకో: పుస్తకంలో అన్నిటికన్నా బాగా కుదిరింది, బొత్తిగా కుదరనిది, ఎక్కువ కథలు ఎలా ఉంటాయో చూపించే మామూలుది. మామూలుదాన్ని అందరూ వదిలేస్తారు. కొన్నవాడు ఎక్కువసేపు గడిపేది దానితోనే కదా. ఒక్కోదానికి యాభై, అరవై మాటలు పెట్టు. కథ మొదటి పావు దాకా ఏం జరుగుతుందో చెప్పొచ్చు. కొసమెరుపు మీద నిలబడ్డ కథయితే ఆ తర్వాత నోరు మెదపకు. ముగింపు బాగోలేదని చెప్పాల్సొస్తే ‘ముగింపు పాత్ర స్వభావంలోంచి రాలేదు, ఉత్తరం దొరకడమనే కాకతాళీయం మీద ఆధారపడింది’ అను. ఉత్తరంలో ఏముందో చెప్పనక్కర్లేదు.

అయిదో కథకి నువ్వు రాసిన వాక్యం: ‘శ్రమజీవుల బతుకుచిత్రాన్ని ఆర్ద్రంగా ఆవిష్కరించిన కథ.’ ఈ వాక్యాన్ని ఎత్తి చేనేత మీద కథకి పెట్టు, సరిపోతుంది. చేపల వేట మీద కథకి పెట్టు, అక్కడా సరిపోతుంది. ఎక్కడ పెట్టినా సరిపోయే వాక్యం ఈ పుస్తకం గురించి ఏమీ చెప్పనట్టే. ఆ కథలో ఉన్నదేమిటి? జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు. జీడి తగిలి వేళ్ల తోలు కమిలి, నల్లబడి, ఆ నలుపు సబ్బుతో పోదు. పెళ్లిచూపులకి కూర్చున్న పిల్ల చేతులు కొంగులో దాచుకుంటుంది. రచయిత ఆ చేతుల దగ్గర రెండు పేజీలు ఆగాడు, కూలి రేట్ల గురించి ఒక్క ముక్క ఉపన్యాసం లేదు. అదే రాయి: ‘వేళ్ల నలుపుని పెళ్లిచూపుల దాకా తీసుకెళ్లి అక్కడ చూపిస్తాడు, వ్యాఖ్యానం చెయ్యడు.’ ఇది చదివినవాడికి కథ రుచి తెలుస్తుంది. ఉపన్యాసం కావాల్సినవాడికి ఇందులో అది దొరకదనీ తెలుస్తుంది.

అలాగే ‘ఉత్తరాంధ్ర మాండలిక సొగసు, మట్టి పరిమళం’ అన్నావు. మట్టి పరిమళం అనే మాట ఎక్కడ కనపడ్డా గీత పెట్టి కొట్టెయ్యి తల్లీ, దాని వాసన ఎప్పుడో పోయింది. మాండలికం గురించి చదివేవాళ్లకి కావాల్సినవి మూడు సంగతులు. సంభాషణల్లోనే ఉందా, కథ చెప్పే గొంతులోనూ ఉందా? గుంటూరువాడికి అర్థమవుతుందా, వెనకాల పదాల పట్టిక ఇచ్చారా? అది మన మాటేనా, సినిమా యాసా? మూడోది తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. వాక్యంలోంచి ‘ఏటి’, ‘బావు’ తీసేసి చదువు. ‘ఏటి బావూ, నీ నిర్ణయం మీద పునరాలోచన చేసుకోరాదా’ అని నేనో వాక్యం అల్లాననుకో. ఆ రెండూ తీస్తే మిగిలింది ఏ లెక్చరరైనా అనేదే. ‘ఒగ్గెయ్యి బావూ, ఆ గుంటడికేటి తెల్సు’ అన్నదాంట్లో ఎన్ని తీసినా ‘ఒగ్గెయ్యి’ (వదిలెయ్యి), ‘గుంటడు’ (కుర్రాడు) మిగిలే ఉంటాయి. ఈ పుస్తకంలో నేను లెక్కపెట్టిన మేరకు తొమ్మిది కథల్లో సంభాషణ మాత్రమే మనది, కథనం బళ్లో చెప్పే తెలుగు. ఒక్క కథలో గొంతు కూడా ఊరిదే. పట్నం కథలు రెండింట్లో మాండలికమే లేదు. ఈ లెక్క రాసేస్తే సొగసు ఉందో లేదో వాళ్లే తేల్చుకుంటారు.

ఏది చెప్పినా పక్కన పుస్తకంలోంచి రెండు మూడు వరుసలు యథాతథంగా పెట్టు, పేజీ నంబరుతో. నీ సమీక్షలో ఒక్క ఉల్లేఖన కూడా లేదు. వచనం ఎలా ఉందో వంద విశేషణాలు చెప్పలేనిది మూడు వరుసలు చెప్పేస్తాయి. మెరిసే వాక్యం ఏరిపెట్టడం ఒక మోసం, వంకర వాక్యం ఒక్కటే ఏరిపెట్టడం ఇంకో మోసం. పుస్తకంలో ఎక్కువగా ఎలాంటి వాక్యాలుంటే అలాంటిది ఎంచు. చదివేటప్పుడే కాగితం ముక్క మీద ఎడమపక్క పేజీ నంబరు, కుడిపక్క ఒక మాట రాసుకుంటూ పో. తర్వాత వెతుక్కుందామంటే దొరకదు.

ముందుమాటలు చివరికి దాచుకో. ఇందులో మూడున్నాయి. అవి ముందు చదివితే వాళ్ల మాటలు నీకు తెలియకుండానే నీ కలంలోకి వచ్చేస్తాయి. నీ నాలుగో పేరాలో ‘బతుకు పోరాటపు అంతస్సూత్రం’ అన్నది వెనక అట్ట మీద ఉన్నదే. నువ్వు కావాలని తీసుకోలేదు, నాకు తెలుసు. కానీ పుస్తకం అంగట్లో చేత్తో పట్టుకుని చూసినవాడు అట్ట కూడా చదివే ఉంటాడు. మరి నువ్వు పుస్తకం లోపలికి వెళ్లావని వాడు ఎలా నమ్ముతాడు?

తప్పుల విషయం. ‘అక్కడక్కడా అచ్చుతప్పులు పంటికింద రాళ్లలా’ అని ముగించావు. పంటికింద రాళ్లు కూడా మట్టి పరిమళం పక్కకే పోవాలి. ఏవైనా ఇరవై పేజీలు వరసగా తీసి లెక్కపెట్టు. నాకు 101 నుంచి 120 దాకా పదకొండు తగిలాయి, అందులో ఏడు ఒత్తులు ఎగిరిపోయినవి. యూనికోడ్‌కి ముందునాటి ‘అను’ అనే ఫాంట్లలో కొట్టినదాన్ని యూనికోడ్‌లోకి మార్చి సరిచూసుకోకపోతే ఇలాగే ఒకే రకం తప్పు వరసగా వస్తుంది. అది రచయిత భాషాదోషం కాదు, ప్రూఫులు చూడకపోవడం. ఆ తేడా చెప్పకపోతే రచయితకి అన్యాయం చేసినట్టవుతుంది.

సంగతుల్లో తప్పులు వేరు. ఎనిమిదో కథ 1968లో జరుగుతుందని రాసి, ‘విజయనగరం జిల్లా కలెక్టర్’ని తెచ్చారు. మన జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. 1968లో విజయనగరం విశాఖ జిల్లాలో ఉండేది, బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. కథల పుస్తకానికి ఇది ఒక వాక్యంతో పోయే తప్పు, దాన్ని పట్టుకుని ఊరేగొద్దు. చరిత్ర పుస్తకమైతే మాత్రం లెక్క మారిపోతుంది. నీకు ఖాయంగా తెలిసిన రెండు తేదీలు ముందు చూడు: బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24, పద్మనాభం యుద్ధం 1794 జులై 10. ఆ రెండే తప్పితే మిగిలినవాటి మీద నమ్మకం ఎలా పెట్టుకుంటాం? అలాంటి పుస్తకానికి ఆధారాలు చెప్పారా, పదసూచిక ఉందా, పటాలు చదివేలా ఉన్నాయా అన్నవి కూడా రాయాలి. అనువాదమైతే అనువాదకుల పేరూ, మూలభాష నుంచి నేరుగా వచ్చిందా, ఇంగ్లీషో హిందీయో మీదుగా వచ్చిందా అన్నదీ మొదటి పేరాలోనే ఉండాలి. మనకి ఆనుకునే ఒడియా ఉంది, అయినా అక్కడి కథ ఢిల్లీ చుట్టి మన దగ్గరికి రావడం మామూలే.

ఒక అన్యాయం కూడా చేశావు. పట్నం కథలు రెండింటిలో ‘సామాజిక స్పృహ లోపించింది’ అన్నావు. అవి మొగుడూ పెళ్లాల మధ్య మాటలు తగ్గిపోవడం గురించిన కథలు. రచయిత తలపెట్టిన పని కుదిరిందా లేదా అని అడుగు. తలపెట్టని పని ఎందుకు చెయ్యలేదని అడిగితే ఇడ్లీ కొట్టుకెళ్లి చేపల పులుసు అడిగినట్టుంటుంది. నా వరకు ఆ రెంటిలో ఒకటి కుదిరింది, రెండోదాంట్లో ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడారు. ఎవరు ఏ మాట అన్నారో గుర్తుపట్టడానికి వెనక్కి వెళ్లి లెక్కపెట్టుకోవాల్సొచ్చింది. అది రాయదగ్గ లోపం.

ఇంకోటి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. రచయిత నీకు సంతకం చేసి పుస్తకం పంపారు, ఆవిష్కరణ సభలో నువ్వు వేదిక మీద ఉన్నావు. తెలుగులో రాసేవాళ్లూ సమీక్షించేవాళ్లూ ఆ నాలుగొందల మందే, పరిచయాలు తప్పవు. దాచడం మాత్రం తప్పు. ‘ఈ పుస్తకం ఆవిష్కరణ సభలో నేనూ మాట్లాడాను’ అని ఒక్క ముక్క చేర్చు. చదివేవాళ్లు ఆ మేరకు తగ్గించుకుని చదువుకుంటారు. అచ్చుకి ముందు రచయితకి చూపించొద్దు. పేరో, ఏడాదో అనుమానముంటే ఆ ఒక్కటే అడుగు. చుట్టరికం ఉన్నవాళ్ల పుస్తకమైతే అసలు ఒప్పుకోకు.

చివరిగా ఒక సాయం చెయ్యాలి నువ్వు. నేను ఇక్కడ కొన్న కాపీలో 32 తర్వాత 49 ఉంది. సరిగ్గా పదహారు పేజీలు, అంటే పదహారేసి పేజీలుగా మడిచి కుట్టే ఫారాల్లో మూడోది కుట్టులోనే పడలేదు. మూడో కథ ముగింపూ నాలుగో కథ మొదలూ నాకు లేవు, అందుకే వాటి మీద ఒక్క మాటా అనలేదు. నీ కాపీలో 33 నుంచి 48 దాకా ఉన్నాయేమో చూడు. ఉంటే ఇది నా ఒక్క కాపీకి జరిగిన పొరపాటు, సమీక్షలో రాయక్కర్లేదు, ఆ పేజీలు ఫోటో తీసి పంపు. లేకపోతే ఇంకొకరి కాపీ కూడా చూపించుకుని, కొనేవాళ్లు అంగట్లోనే పేజీలు సరిచూసుకోవాలని మొదటి పేరాలోనే రాసెయ్యి.

అమ్మ