శనివారం టైం ట్రయల్, ఆదివారం రోడ్ రేస్: మధ్యలో ఏం చేయాలి?

అందరికీ నమస్తే. ఈసారి రెండు సైకిల్ రేసుల మధ్య, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైం ట్రయల్‌కూ, అందరూ కలిసి తొక్కే రోడ్ రేస్‌కూ మధ్య, మనకు దొరికేది 20 గంటలే. పోయినసారి నేను ఫినిష్ లైన్ దాటగానే సైకిల్ గోడకు ఆనించి, చెమటతో తడిసిన షార్ట్స్‌లోనే గంటన్నర కబుర్లు చెబుతూ కూర్చున్నాను. మర్నాడు మొదటి ఎత్తు దగ్గరే తొడలు పట్టేశాయి.

కాబట్టి లైన్ దాటాక ఆగకండి. తేలిక గేర్‌లో పది, పదిహేను నిమిషాలు తొక్కి, వెంటనే బట్టలు మార్చుకోండి.

అసలు పని తిండిది. కండరాల్లో గ్లైకోజన్, అంటే కండరాలు దాచుకునే చక్కెర ఇంధనం, అడుగంటి ఉంటుంది. మర్నాడే రేసు కాబట్టి మొదటి నాలుగు గంటలూ కిలో బరువుకు గంటకు 1 నుంచి 1.2 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. 60 కిలోల మనిషికి గంటకు 60-70 గ్రాములు: రెండు పెద్ద అరటిపళ్లు, రెండు చెంచాల చక్కెర వేసిన నిమ్మరసం. భోజనంలో పప్పన్నం, పెరుగన్నం, మూడు గుడ్లు. బిర్యానీ ఆదివారం సాయంత్రం నా ఖర్చు, శనివారం మాత్రం వద్దు.

రేసుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరున్నర తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్లు, కొంచెం కొంచెంగా.

ఐస్ బాత్, మసాజ్ గన్ మీ ఇష్టం. నాకైతే వాటికంటే నిద్ర మీదే నమ్మకం. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ ఆపేయండి. తొమ్మిదిన్నరకల్లా ఈ గ్రూపునీ మ్యూట్‌లో పెట్టేయండి. నొప్పి మాత్ర వేసుకుని రేసుకు రావద్దు.

ఆదివారం లేవగానే నాడి చూసుకోండి. రోజూ కంటే నిమిషానికి పది ఎక్కువ కొడుతుంటే స్టార్ట్‌కు ముందే నాకు చెప్పండి.