హాస్య నాటకానికి ముందురోజే హాలు ఇవ్వాలి

సంపాదకుల వారికి,

1892లో పక్కనే విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడారు. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం వంటి వేదికలు విశాఖలో ఉన్నాయి. అయినా బయటి ఊరి వృత్తి నాటక సమాజం వచ్చి సమకాలీన హాస్య నాటకం ఆడితే వెనక వరుసలకు చాలాసార్లు మాటలు సరిగా అందడం లేదు.

వినిపించకపోతే నిర్వాహకులు మైకులు పెంచుతారు. అదే పొరపాటు. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, కూత (స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి దూరి వచ్చే కీచు) రాకుండా పెంచుకోగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వేదిక అంచున మూడు చాలు. కింద స్పాంజి ముక్క వేస్తే అడుగుల చప్పుడు ఎక్కదు. నటుడి నుదుటి దగ్గర అమర్చే చిన్న మైకైతే మన సముద్రపు ఉక్కకు చెమట తీగ వెంట జారి మైకులోకి దిగుతుంది, గొంతు ముద్దగా వినిపిస్తుంది. మైకుకు కాస్త పైన తీగకు చిన్న రబ్బరు గొట్టం తొడిగితే చెమట అక్కడే ఆగుతుంది.

అసలు కష్టం నవ్వుతోనే. నవ్వు ఎగసి తగ్గుముఖం పట్టగానే నటుడు మాట అందుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే ఊపు పోతుంది. తొందరపడితే తర్వాతి నవ్వుకు ఆధారమైన మాటే మునిగిపోతుంది. ఈ అంచనా హాలును బట్టి మారుతుంది కనుక ఆ వేదిక మీదే రిహార్సల్ జరగాలి. పొద్దున లారీ దించి సాయంత్రం ఆడేవారికి సెట్టు, లైట్లతోనే పొద్దు గడిచిపోతుంది.

టికెట్లు తక్కువ అమ్మితే వెనక వరుసలకు తాడు కట్టి, జనాన్ని ముందు దగ్గరదగ్గరగా కూర్చోబెట్టండి. చెదురుగా కూర్చున్నవారు నవ్వడానికి జంకుతారు.

ముందురోజు సాయంత్రం హాలును రిహార్సల్‌కు తక్కువ అద్దెకు ఇవ్వాలని వేదికల యాజమాన్యాలను కోరుతున్నాం.

– కొందరు రంగస్థల సాంకేతికులు, విశాఖపట్నం